తనంతట తానే బాగుపడిన ల్యాప్‌టాప్

తాము చేయని హత్యను ఒప్పుకునేవాళ్లు దశరథానికి కొత్త కాదు. లాఠీ దెబ్బలకు ఒప్పుకున్నవాళ్లను చూశాడు. అన్నను కాపాడటానికి ఒప్పుకున్న తమ్ముణ్ణి చూశాడు. ఎవరూ చెయ్యి వేయకుండానే, సరిగ్గా అడగకముందే, "నేనే సంపిన సాబ్" అని లాకప్పు గోడవైపు తిరిగి కూచున్న మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాడు. ఇలాంటివాణ్ణి బయటికి తేవడం మహా కష్టం. బయటికి రావాలని వాడికే ఉండదు.

ఆ మనిషి రజాక్. మహబూబ్‌నగర్ బస్టాండు వెనక రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్న దుకాణం అతనిది. ఈ మధ్య హైదరాబాదు పోయి కంప్యూటర్ల పని కూడా కొంత నేర్చుకొచ్చాడు. అతని చేతికొచ్చిన మొట్టమొదటి ల్యాప్‌టాప్ గాలయ్యది. జిల్లా బోర్లలో నీళ్లు ఎంత లోతుకు పోయాయో కొలిచే ఒక సంస్థలో గాలయ్య ఉద్యోగి. తొంభై ఎనిమిది ఎండాకాలంలో పాలమూరులో ల్యాప్‌టాప్ అంటే చూడటానికి జనం దుకాణం ముందు మూగేవాళ్లు.

మొన్న మధ్యాహ్నం గాలయ్య తన కిరాయి గది వెనక గుమ్మం మీద కరెంటు షాకు తగిలి చచ్చిపడి ఉన్నాడు. అతని చేతి పక్కనే రజాక్ మార్చి ఇచ్చిన చార్జరు తీగ ఉంది. ఆ తీగ ప్లగ్గుకు మూడు కాళ్లుండాలి. రెండే ఉన్నాయి. మూడోదాన్ని రజాక్ తన చేత్తో కోసేశాడు. అంతటితో పోలీసులకు కేసు అయిపోయింది. రేపు పొద్దున రజాక్‌ను కోర్టుకు తీసుకుపోతారు, అతను ఒప్పుకోలు చెప్తాడు, జైలుకు పోతాడు.

దశరథం కూడా ఒకప్పుడు పోలీసే. మెడనొప్పి, మోకాళ్లనొప్పి, పై అధికారుల నొప్పి కలిసి తట్టుకోలేక ఉద్యోగం వదిలేశాడు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్ అన్న బోర్డు కింద పెళ్లికొడుకుల గుణగణాలు వాకబు చేసి బతుకుతున్నాడు. రజాక్ భార్య తాహేరా పొద్దున్నే వచ్చినప్పుడు, వల్లకాదని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. ఒకే మాట అడిగింది.

"చార్జర్ పట్టుకుంటే మనిషి సచ్చిపోతడా సాబ్? పోతడు అని మీరు చెప్పుర్రి, నేను ఇంటికి పోత."

పోతాడో పోడో దశరథానికి తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, మెడకు పట్టీ బిగించుకుని బయల్దేరాడు. ముందు దవాఖానకు పోయి శవాన్ని చూశాడు, ఆ తర్వాత స్టేషనుకు వచ్చాడు.

"ఇటు తిరుగు రజాక్. నా మెడ అటు తిరగదు," అన్నాడు కటకటాల దగ్గర స్టూలు మీద కూలబడుతూ.

రజాక్ తిరిగాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. దశరథం ఒక్కొక్కటే అడిగాడు, అతను అన్నిటికీ నిద్రలో ఉన్నవాడిలా జవాబు చెప్పాడు. ల్యాప్‌టాప్ సరిగా చార్జింగు ఎక్కడం లేదని గాలయ్య మొదటిసారి వచ్చింది హోలీ పండుగ తర్వాత. చార్జింగు ఎక్కుతుంటే దాని పక్కన పచ్చలైటు నిలకడగా వెలగాలి. తన గదిలో మాత్రం ఎర్రలైటు కొట్టుకుంటోందన్నాడు. దుకాణంలో పెట్టి చూస్తే పచ్చలైటు చక్కగా వెలిగింది. ఏ రోగమూ లేదని పంపేశాడు. పదిరోజులకు గాలయ్య మళ్లీ వచ్చాడు. పొద్దున పూట గదిలోనూ బాగానే ఎక్కుతోందట, ఎండ ముదిరాక ఆగిపోతోందట. దుకాణంలో మళ్లీ పచ్చలైటే. ఇక ఈ మధ్య మూడోసారి వచ్చినప్పుడు, పొద్దున కూడా ఎక్కడం మానేసిందని తల పట్టుకున్నాడు. ఏదో ఒకటి చేయకపోతే బాగుండదని రజాక్ తీగ మార్చాడు. గది గోడకున్న ప్లగ్గుకు రెండే బొక్కలు ఉన్నాయని గాలయ్య అంటే, మూడో కాలు కోసి ఇచ్చాడు.

"అందరం గట్లనే కోస్తం సాబ్. గా కాలు షాకు కొట్టకుండ కాపాడేదని నాకు తెలుసు. తెలిసి కోసిన. మనిషి పోయిండు."

దశరథం ఇంట్లో మిక్సీ ప్లగ్గుకు కూడా మూడో కాలు లేదు. కోయించింది తనే.

"నువ్వు అతని గదికి పోయి చూసినవా?"

"లేదు సాబ్. సామాను మా కాడికొస్తది, మేం సామాను సూస్తం. ఇల్లెందుకు సూస్తం?"

ఆ మాట దశరథం చెవిలో ఉండిపోయింది. వస్తువు దుకాణంలో ఎప్పుడూ బాగానే ఉంది. గదిలోనే చెడిపోతోంది. అంటే మూడుసార్లు మోసుకొచ్చి చూపించుకోవాల్సింది ల్యాప్‌టాప్‌ను కాదు, గదిని. గదిని సంచిలో వేసుకుని రావడం కుదరదు కాబట్టి పాపం ల్యాప్‌టాప్ తిరిగింది.

"ఇంకెన్ని దినాలు తిరుగుతవన్నా గీ ఎండల?" అంటూ ఇన్‌స్పెక్టర్ కాటమయ్య లోపలికి వచ్చాడు.

కాటమయ్య ఒకప్పుడు దశరథం కింద పనిచేసినవాడే. ఇద్దరూ ఒక గదిలో ఉన్న రోజుల్లో కాటమయ్య తల్లి ఉప్పలమ్మ ఊరి నుంచి జొన్నరొట్టెలు మూట కట్టి పంపేది, ఇద్దరూ పంచుకుని తినేవాళ్లు. తర్వాత కాటమయ్య మెట్లెక్కాడు, దశరథం దిగిపోయాడు. ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు గాని, ఆ పిలుపులో జొన్నరొట్టెల రుచి లేదు.

గది చూస్తానన్నాడు దశరథం. చూడటానికేం లేదన్నాడు కాటమయ్య. శవం చేతి మీద కాలిన మచ్చ గురించి అడిగాడు దశరథం. అది అరచేతికి అడ్డంగా, వేళ్ల లోపలి వైపు దాకా ఉంది. బరువైన ఇనుప వస్తువేదో పిడికిట పట్టుకున్నప్పుడు పడే మచ్చ. సన్నటి ప్లాస్టిక్ తీగ పట్టుకుంటే అంత వెడల్పు మచ్చ ఎలా పడుతుంది? డాక్టరు రాయని సంగతి నీకెందుకన్నాడు కాటమయ్య.

దశరథానికి వాదించే ఓపిక లేదు. ఓపిక లేనప్పుడు అతనికి మొండితనం వస్తుంది. "ఒక పని చేద్దాం కాటమయ్యా. గా ల్యాప్‌టాప్, గా తీగ పట్టుకుని గదికి పోదాం. నేనే పెట్టి ముట్టుకుంట. షాకు కొడితే నీ కేసు పక్కా అయితది, నా మెడనొప్పి కూడ పోతది."

బయట బెంచీ మీద తాహేరా వింటోంది. కానిస్టేబుల్ మల్లన్న వింటున్నాడు. కాదంటే బాగుండదనుకున్నాడో, ఈ ముసలోడి పీడ ఇంతటితో వదుల్తుందనుకున్నాడో, కాటమయ్య జీపు తియ్యమన్నాడు.

ఆ ఇల్లు అండాలమ్మ అనే విధవరాలిది. ముందు ఆమె ఉండే రెండు గదులు, వరండా. పెరట్లో గాలయ్యకు కిరాయికిచ్చిన గది. ఆ గది వెనక గుమ్మం దాటి అడుగు వేస్తే నల్లా, నల్లా మొదట్లో మల్లెచెట్టు. శవం దొరికినప్పటి నుంచి గేటుకు పోలీసు తాళం. అండాలమ్మ ఆ సమయంలో ఊళ్లో లేదు. మొక్కు తీర్చుకోవడానికి యాదగిరిగుట్టకు పోయి, కొండ మీదే నిద్ర చేసి, నిన్న తిరిగొచ్చింది. పక్కనే కిరాణాకొట్టు నడిపే లాల్ బీ పంచన రాత్రి గడిపింది.

మల్లన్న తాళం తీస్తుంటే దశరథం లాల్ బీతో రెండు మాటలు మాట్లాడాడు. శవాన్ని మొదట చూసింది ఆమే. ఈ వీధికి రోజు విడిచి రోజు మధ్యాహ్నం నీళ్లొస్తాయి. నీళ్లొచ్చిన చప్పుడు తెలియాలని అందరూ నల్లాలు తెరిచే పెట్టుకుంటారు. మొన్న అండాలమ్మ పెరట్లోంచి నీళ్లు వీధిలోకి పారుతుంటే, ఊళ్లో తాగనీళ్లకు కొట్టుకుంటుంటే ఇదేం పాడు అని కేకేసుకుంటూ లోపలికి పోయింది. నల్లా కింద బకెట్టు నిండి పొర్లుతోంది. గుమ్మం మీద గాలయ్య వెల్లకిలా పడి ఉన్నాడు.

బకెట్టు పొర్లుతోందన్న ముక్క పోలీసు కాగితాల్లో ఎక్కడా లేదు. బోర్లలో నీళ్లు అడుగంటడం రోజూ కొలిచే మనిషి, బకెట్టు పొర్లుతుంటే చూస్తూ ఊరుకుంటాడా? లేచి కట్టెయ్యబోయి ఉంటాడు.

వరండాలో మెయిన్ స్విచ్చు దగ్గర దశరథం ఆగాడు. ఇనుప డబ్బా అంతా తుప్పు. పక్కనున్న పిడి మాత్రం చెయ్యి పడి పడి నున్నగా మెరుస్తోంది. దాని కింద పొట్టివాళ్లు ఎక్కడానికి చెక్కపీట. అండాలమ్మ పొట్టి మనిషే. ఏ ఇంట్లోనైనా మెయిన్ స్విచ్చు దించేది ఫ్యూజు పోయినప్పుడు, ఏడాదికి ఏ రెండుసార్లో. ఇక్కడ రోజు విడిచి రోజు ఎవరో పీట ఎక్కుతున్నారు.

పెరట్లోకి పోయి, మోకాళ్లను తిట్టుకుంటూ మల్లెచెట్టు మొదట్లో కూచున్నాడు. వీధిలోంచి వచ్చే నీటిగొట్టం నల్లటి ప్లాస్టిక్‌ది. నల్లా నిలబడటానికి మాత్రం మూరెడు ఇనుప గొట్టం భూమిలోకి దించారు. ఆ గొట్టం నేలను తాకే చోట, వేలెడు వెడల్పున తుప్పు గీకేసి, ఇనుము కొత్తగా మెరుస్తోంది. చుట్టూ మట్టి తవ్వి మళ్లీ కప్పిన గుర్తు.

"అండాలమ్మా, మల్లెచెట్టుకు నీళ్లు రోజూ పోస్తవా?" అని అడిగాడు.

రోజూ పొద్దున్నే పోస్తానంది. గుట్టకు పోయినప్పుడు పోసేవాళ్లు లేరంది. గాలయ్యకు నీళ్లు ఎవరు పట్టేవాళ్లని అడిగితే, తనే పట్టి బకెట్టు గుమ్మంలో పెట్టేదాన్నంది. ఈ మాటలన్నీ చెప్తూ ఆమె దశరథాన్ని చూడలేదు, కాటమయ్యను చూసింది. ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నల్లా ముట్టకు నాయినా, నేనే పడత అనేదాన్ని. నీ అసొంటి అవ్వ ఎక్కడా దొర్కదు అనేటోడు. పిచ్చి పిలగాడు."

దశరథానికి ఆ క్షణంలో గాలయ్య మీద పట్టరాని జాలి కలిగింది. ముట్టుకోవద్దన్న మాటను ప్రేమ అనుకున్నాడు. అది ప్రేమే కావచ్చు, కాని మాట సగమే చెప్పారు.

"చెట్టూ చేమా చూసుడు అయిందా?" అన్నాడు కాటమయ్య. "ల్యాప్‌టాప్ పెడతానంటివి."

గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టారు. దశరథం చెప్పులు విడిచాడు. కుండలో నీళ్లు నేల మీద గుమ్మరించి, ఆ తడిలో నిలబడ్డాడు. చేతులు కూడా తడిపాడు. మల్లన్న కళ్లు మూసుకుని ఏదో దేవుణ్ణి తలుచుకున్నాడు. కాటమయ్య గుమ్మం దాకా వెనక్కి జరిగాడు. రెండు కాళ్ల ప్లగ్గు గోడకు గుచ్చి, దశరథం తడి చేత్తో చార్జరును, తీగను, ల్యాప్‌టాప్‌ను వరసగా నిమిరాడు.

ఏమీ కాలేదు. చార్జరు లోపలికి తీసుకునేది ఇంటి కరెంటైనా, బయటికి ఇచ్చేది పది టార్చి సెల్లులంత. దానికి చీమ కూడా చావదు. కాని అతను చూస్తున్నది దాన్ని కాదు. ల్యాప్‌టాప్ పక్కన పచ్చలైటు వెలిగింది, నిలకడగా.

"మల్లన్నా, గా బల్బు వెయ్యి," అన్నాడు.

గది పట్టపగలల్లే అయింది. అండాలమ్మ తలుపు దగ్గర నిలబడి, తెలియకుండానే నోరు జారింది. "గీ గదిల బల్బు ఎండకాలం గింత ఎలుగు ఎన్నడియ్యలే."

దశరథం మంచం మీద కూచున్నాడు. ఇప్పుడు చెప్పాల్సింది చాలా ఉంది. మొదటి నుంచి చెప్పాడు. కరెంటు ఇంట్లోకి ఒక తీగలో వచ్చి, ఇంకో తీగలో తిరిగి పోవాలి. ఆ తిరిగి పోయే తీగను ఊడదీసి ఇనుప గొట్టానికి చుట్టేస్తే, కరెంటు భూమిలోకి పోతుంది, మీటరు తిరగదు. వైరింగు పనివాళ్లు గుట్టుగా చేసిపెట్టే పని ఇది. భూమి తడిగా ఉన్నంతసేపు బండి నడుస్తుంది. అందుకే మల్లెచెట్టుకు రోజూ నీళ్లు. నీళ్లు పోసిన పొద్దున పూట ల్యాప్‌టాప్ చార్జింగు ఎక్కేది. ఎండకు నేల ఆరితే కరెంటు భూమిలోకి దిగలేక, లోపల బల్బు మసకబారేది, చార్జింగు ఆగిపోయేది. ఎండలు ముదిరాక ఆ నీళ్లు పొద్దునకూ చాలలేదు, అండాలమ్మ గుట్టకు పోయాక నేల పూర్తిగా ఎండిపోయింది. ఇంట్లోకి వచ్చిన కరెంటంతా ఆ గొట్టంలోనే, ఆ నల్లాలోనే కూచుంది. తెలిసినవాళ్లు మెయిన్ దించి నల్లా ముట్టుకుంటారు. గాలయ్యకు తెలియదు. బకెట్టు పొర్లుతోందని పరుగెత్తి పట్టుకున్నాడు.

"కత బాగున్నది," అన్నాడు కాటమయ్య. "మరి గా తీగ ఏది? గొట్టానికి ఏం లేదు గద?"

"నేను అడిగేది గదే. గాలయ్య బతికున్నన్ని దినాలు గీ గదిల ల్యాప్‌టాప్ బాగుగాలే. ఆయన పోయినంక బాగైంది. నడుమల ఎవలో తీగ ఊడదీసి మళ్ల సరిగ్గ కలిపిండ్రు. నడుమల గేటు తాళంచెవి నీ జేబులున్నది."

మల్లన్న కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. కాటమయ్య మొహం ఎర్రబడింది. తుప్పు గీకిన గుర్తు కోర్టులో నిలబడదన్నాడు. ఎలకలు తవ్వినా మట్టి లేస్తుందన్నాడు. ల్యాప్‌టాప్ చార్జింగు ఎక్కిందని చెప్తే జడ్జి నవ్వుతాడన్నాడు. రజాక్ సంతకం పెట్టాక ఇవన్నీ ఎవరికి కావాలన్నాడు. ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. దశరథానికి నీరసం వచ్చింది. నిజం తెలుసుకోవడం ఒక ఎత్తు, దాన్ని ఇంకొకరి చేత ఒప్పించడం ఇంకో ఎత్తు. ఆ రెండో ఎత్తు ఎక్కే కాళ్లు తనకు లేవు. సాయంత్రం తాహేరాకు ఏం చెప్పాలో వెతుక్కుంటూ, బల్ల మీద పచ్చలైటును చూస్తూ కూచున్నాడు.

పెరట్లో నల్లా దగ్గింది. గొట్టంలోంచి గాలి బుసకొట్టి, మట్టినీళ్లు చివాలున చిమ్మాయి. తెరిచి ఉన్న నల్లా కింద బకెట్టు లేదు. మట్టినీళ్లు గుమ్మం దాటి, నేల మీద తీగ వైపు పారడం మొదలుపెట్టాయి.

"సార్, సామాను తడుస్తది," అన్నాడు మల్లన్న. అది కోర్టుకు పోవాల్సిన సాక్ష్యం.

కట్టేస్తానని కాటమయ్య విసురుగా బయటికి నడిచాడు. నల్లా ఉన్నది వెనక గుమ్మం అవతల, అడుగు దూరంలో. అతను మాత్రం ముందు గుమ్మం నుంచి పోయాడు. వరండాలో టక్కున చప్పుడైంది. బల్బు ఆరింది. ల్యాప్‌టాప్ మీద పచ్చలైటు పోయింది. కాటమయ్య ఇల్లు చుట్టి పెరట్లోకి వచ్చి, నల్లా కట్టేసి, చేతులు విదిలించుకుంటూ తల ఎత్తాడు.

గదిలోంచి ముగ్గురు అతన్నే చూస్తున్నారు.

దశరథం గొంతు పెంచలేదు. "నల్లా కట్టెయ్యడానికి మెయిన్ ఎందుకు దించినవ్ కాటమయ్యా?"

కాటమయ్య తన కుడిచేతి వైపు చూసుకున్నాడు, అది వేరెవరిదో అయినట్టు. తీగ లేదని అతనికి తెలుసు, తీయించింది తనే. అయినా చెయ్యి దాని పని అది చేసింది. ఏ ఇంట్లో నల్లా కరుస్తుందో ఆ ఇంటి మనిషి చెయ్యే ముందు మెయిన్ వైపు పోతుంది.

"నీ ఇంట్ల కూడ మైసయ్యనే చేసిండా?" అడిగింది అండాలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. పుట్టెడు దుఃఖంలో ఒక తోడు దొరికినట్టు అడిగింది.

కాటమయ్య మల్లెచెట్టు పక్కన అరుగు మీద కూచున్నాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వైరింగు మైసయ్య ఇన్‌స్పెక్టరు ఇల్లు కదా అని ఊరికే చేసిపెట్టాడు. వద్దనలేకపోయాడు. మొన్న ఇక్కడికి వచ్చి గొట్టాన్ని చూడగానే సంగతి అర్థమైంది. మైసయ్య దొరికితే ఎన్ని ఇళ్ల పేర్లు చెప్తాడో, అందులో తన పేరు మొదటిదని తెలిసి, ఆ సాయంత్రమే వాణ్ణి పిలిపించి తీగ సరిచేయించాడు. రజాక్ తనంతట తానే ఒప్పుకుంటుంటే, దేవుడే దారి చూపించాడనుకున్నాడు.

"నీ ఇంట్ల గా తీగ తీయించినవా?" అన్నాడు దశరథం.

"తీయించాలనుకున్నన్నా. మైసయ్య గా రాత్రే పరారైండు. ఇంట్ల మేమిద్దరమే గద, మాకు తెలుసు గదా అని..." కాటమయ్య ఆగిపోయాడు. అతని మొహంలో రంగు చూస్తుండగానే దిగిపోయింది. "మా ఆమె నిన్న పుట్టింటికి పోయింది. అమ్మ వచ్చింది ఊరి నుంచి. ఒక్కతే ఉన్నది."

"నల్లా సంగతి చెప్పినవా?"

చెప్పలేదని అడగక్కర్లేకుండానే తెలిసింది. కాటమయ్య ఇల్లు మిట్ట మీద, ఊరికి అవతలి కొసన. నీళ్లు పల్లంలో వదిలిన కాసేపటికి అక్కడికి ఎక్కుతాయి. నేల ఎండి బీటలు వారి ఉంది. కోడలు లేదు కాబట్టి నల్లా మొదట్లో నీళ్లు పోసినవాళ్లు లేరు.

కాటమయ్య టోపీ కిందపడింది, తీసుకోలేదు. గేటు దాకా పరుగెత్తి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరక్కుండానే కేకేశాడు. "మల్లన్నా, స్టేషనుకు పోయి రజాక్‌ను ఇడ్సిపెట్టు. సంతకం పెట్టనియ్యకు." జీపు వీధి మలుపులో ఎవరి బిందెనో గుద్ది పోయింది.

దశరథం మోకాళ్లు మర్చిపోయి లాల్ బీ కొట్టుకు పరుగెత్తాడు. ఆమె దగ్గర ఫోను ఉంది. కాటమయ్య ఇంటి నంబరు అతనికి నోటికి వచ్చు, ఎన్నేళ్లుగానో చేయడం మానేసినా. తొందరలో మొదటిసారి తప్పు తిప్పాడు. రెండోసారి మోగింది. చాలాసేపు మోగింది. జీపు ఇంకా రైలుగేటు కూడా దాటి ఉండదు.

"ఎవలు?" అంది అవతల ముసలి గొంతు.

"అమ్మా, నేను దశరథాన్ని. నల్లా ముట్టకు. వింటున్నవా, నల్లా ముట్టకు."

"దశరథమా. ఎన్నేండ్లాయె బిడ్డా నీ గొంతు విని. తిన్నవా?"

"అమ్మా, నల్లాల కరెంటున్నది. ముట్టకు."

"ఏమో బిడ్డా, నాకు చెవులు సరిగ వినొస్తలేవు. జర ఆగు, నల్లా వచ్చింది, ప్లాస్టిక్ బిందె పెట్టొచ్చిన. నిండొచ్చినట్టుంది, కట్టేసి వచ్చి మాట్లాడత. ఫోను పెట్టెయ్యకు."

రిసీవరును బల్ల మీద పెట్టిన చప్పుడైంది. దశరథం గొంతు చించుకుని పిలిచాడు. తూకం వేస్తున్న లాల్ బీ చేతిలో కాటా ఆగిపోయింది. కొట్టు ముందు జనం నిలబడి చూస్తున్నారు. అవతల వినేవాళ్లు ఎవరూ లేరు. ఉత్తకాళ్లు నేల మీద మెల్లగా దూరం పోతున్న చప్పుడు, దాని వెనక బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడు.

మొదట్లో బోలుగా ఉన్న ఆ చప్పుడు సన్నబడుతూ పైకి వస్తోంది. ఇంకాసేపు పొర్లనీ అమ్మా, ఒక్క ఐదు నిమిషాలు పొర్లనీ అని దశరథం ఫోనులోకి బతిమాలుతున్నాడు. ఉప్పలమ్మ పాలమూరు మనిషి. జన్మలో ఎన్నడూ ఆమె బిందె పొర్లనివ్వలేదు.